బండికి కోటా, పశువుకి మిగిలింది

మొక్కజొన్న రేటు పెరిగితే నష్టపోయేది దాన్ని కొనేవాళ్లేనని ఎవరైనా చెప్తారు. అమెరికా పశువుల వ్యాపారంలో మాత్రం ఆ దెబ్బలో పెద్ద భాగం మొక్కజొన్న కొననే కొనని మనిషికి తగులుతుంది. బీళ్లలో ఆవుల్ని మేపుకుంటూ, ఏటా పుట్టిన దూడల్ని అమ్ముకుని బతికే రాంచర్‌కి.

ఎలాగంటే, ఇక్కడ కోడెదూడ రెండు మూడు చేతులు మారుతుంది. ఏడెనిమిది నెలలు తల్లి వెంట బీట్లో తిరుగుతుంది. పాలు మాన్పించాక ఇంకొన్నాళ్లు గడ్డి మీద పెంచి ఫీడ్‌లాట్‌కి అమ్ముతారు. ఫీడ్‌లాట్ అంటే వేల పశువుల్ని దొడ్లలో ఉంచి, అయిదారు నెలలు గింజ మేత పెట్టి లావెక్కించే చోటు. అక్కడ ఒక్కో పశువు సుమారు 50 బుషెళ్ల మొక్కజొన్న తింటుంది. బుషెల్ అంటే పాతిక కిలోల పైచిలుకు. ఫీడ్‌లాట్ వాడు లెక్క చివరి నుంచి మొదలుపెడతాడు: ఆరు నెలల తర్వాత, పశువుల్ని కోసి మాంసం చేసే ప్యాకింగ్ ప్లాంటు ఎంతిస్తుంది, అందులో మేత ఖర్చెంత, వడ్డీ ఎంత, అవన్నీ పోగా మిగిలింది దూడకి. మొక్కజొన్న రెండు డాలర్ల నుంచి ఏడు డాలర్లకి పోతే ఒక్కో పశువుకి మేత మీదే 250 డాలర్లు అదనం. మాంసం రేటు అంత తొందరగా పెరగదు. కాబట్టి ఆ 250లో కోయగలిగినంత దూడ రేటులో కోస్తాడు. వంద దూడలు అమ్ముకునే రాంచర్‌కి అది పాతిక వేల డాలర్ల దాకా పోవచ్చు. చాలామందికి ఏడాదంతా మిగిలేదే అంత ఉండదు.

నేనుండేది ఒమాహాలో. పని కంప్యూటర్ల ముందే అయినా, నెబ్రాస్కాలో ఉంటూ మొక్కజొన్న గురించీ పశువుల గురించీ తెలుసుకోకుండా బతకడం కష్టం. ఇక్కడి యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు పేరే కార్న్‌హస్కర్స్, అంటే కంకుల పొట్టు ఒలిచేవాళ్లు. ఒకప్పుడు కార్ల నంబర్ ప్లేట్ల మీద ‘బీఫ్ స్టేట్’ అని ఉండేదట. మొక్కజొన్న నుంచి తీసి పెట్రోల్లో కలిపే ఇథనాల్ తయారీలో, పక్క రాష్ట్రం అయోవా తర్వాత స్థానం ఈ రాష్ట్రానిదే. గింజ, పశువు, ఇథనాల్ మూడూ ఒకే చోట కొట్టుకోవడం, కలిసి బతకడం ఇక్కడ కళ్లారా చూడొచ్చు. ఇక ఊరి సంగతికొస్తే, దుగ్గిరాల దగ్గర మా పెద్దనాన్నగారి అబ్బాయి వరి కోశాక మొక్కజొన్న వేస్తాడు. అక్కనిచ్చిన బావ అనపర్తి వైపు గుడ్ల ఫారం నడుపుతాడు. మొక్కజొన్న రేటు కదిలిందంటే చాలు, ఇద్దరిలో ఒకరు ఫోన్ చేసి తిడతారు. నన్ను కాదు, ప్రభుత్వాన్ని.

నా మాట ముందే చెప్పేస్తాను. ఇథనాల్‌కి మొక్కజొన్న వాడటం తప్పని నేననను. రైతుకి ఇంకో కొనుగోలుదారు దొరికితే మంచిదే. తప్పు కోటాలో ఉంది. ఇంధనానికి ఇన్ని కోట్ల లీటర్లని చట్టంలోనో టెండర్లోనో ముందే రాసేసి, పంట తగ్గినా పెరిగినా దాన్ని కదపకపోతే, ఎగుడుదిగుడంతా మిగతావాళ్ల నెత్తిన పడుతుంది. సబ్సిడీ గురించి మనం చేసే గొడవ చాలావరకు తప్పుడు చోట చేస్తున్నాం.

అమెరికా చరిత్రే దీనికి సాక్ష్యం. 1978 నుంచీ అక్కడ ఇథనాల్‌కి పన్ను రాయితీ ఏదో రూపంలో ఉంది. 2000ల్లో అది గ్యాలన్‌కి (అంటే 3.8 లీటర్లకి) 51 సెంట్లు, తర్వాత 45 సెంట్లు. ఆ డబ్బు వెళ్లింది రైతుకి కాదు, పెట్రోల్లో ఇథనాల్ కలిపే కంపెనీలకి. చివరి రోజుల్లో ఏడాదికి దాదాపు 600 కోట్ల డాలర్ల ఖర్చు. దానికి తోడు బ్రెజిల్ చెరకు ఇథనాల్ రాకుండా గ్యాలన్‌కి 54 సెంట్ల దిగుమతి సుంకం. 2011 డిసెంబర్ 31తో రెండూ ముగిశాయి. పశువుల పెంపకందార్లు, కోళ్ల కంపెనీలు, పర్యావరణం వాళ్లు, ఖర్చు తగ్గించాలనే రాజకీయ నాయకులు, ఒకరి మొహం ఒకరు చూడనివాళ్లంతా కలిసి దాన్ని ఆపించారు. మరి మొక్కజొన్న రేటు తగ్గిందా? ఎనిమిది నెలలు తిరక్కుండానే, 2012 ఆగస్టు నాటికి, బుషెల్ ఎనిమిది డాలర్లు దాటింది.

ఆ ఏడాది పెద్ద కరువు. కానీ రాయితీ తీసేసినా ఇథనాల్ గిరాకీ పెద్దగా కదలకపోవడానికి కారణం వేరే చట్టం. 2005లో ఇంధన చట్టం తెచ్చి, పెట్రోల్లో ఇంత జీవ ఇంధనం కలపాలని తప్పనిసరి చేశారు. 2007లో దాన్ని బాగా పెంచి, 2022 నాటికి మొత్తం 3,600 కోట్ల గ్యాలన్లు అన్నారు. అందులో మొక్కజొన్న ఇథనాల్‌కి దక్కే వాటా 1,500 కోట్ల గ్యాలన్ల దాకా. మిగతాదాన్లో ఎక్కువ భాగం గడ్డి నుంచి, చెత్త నుంచి వస్తుందన్నారు. అది లెక్కలోకి రాదగ్గంత ఎప్పుడూ రాలేదు. మొక్కజొన్న వాటా మాత్రం నిండింది. ఇవాళ అమెరికా పంటలో మూడో వంతు పైనే ఇథనాల్ ప్లాంట్ల గేటు దాటుతోంది.

2008లో టెక్సస్ గవర్నర్ రిక్ పెర్రీ, తన రాష్ట్రం పశువుల రైతులు మునిగిపోతున్నారని, కోటా సగానికి తగ్గించమని కేంద్ర ప్రభుత్వ పర్యావరణ సంస్థ ఈపీఏని అడిగాడు. కాదన్నారు. 2012లో కరువు మధ్యలో ఇంకొన్ని రాష్ట్రాల గవర్నర్లు అడిగారు. నవంబర్లో మళ్లీ కాదన్నారు. మన లెక్కలో అప్పటికి పంట ఇళ్లకి చేరిపోయింది కూడా.

ఇక్కడ పశువుల సంఘాలు చెప్పే కథని ఉన్నదున్నట్టు నమ్మడానికీ లేదు. ఆ ఏడాది పంట దాదాపు 160 కోట్ల బుషెళ్లు తగ్గితే, అన్నిటికంటే ఎక్కువ కోతపడింది ఎగుమతుల మీద. అవి సగానికి పైగా పడిపోయాయి. ఇథనాల్ వాడకం కూడా ఏడు శాతం దాకా తగ్గింది. ఎందుకు తగ్గగలిగిందంటే, ముందు ఏళ్లలో ఎక్కువ కలిపిన కంపెనీల దగ్గర ఆ మిగులుకి క్రెడిట్లు నిల్వ ఉన్నాయి. వాటిని వాడుకుని ఆ ఏడాది కొంచెం తక్కువ కలిపారు. కోటాలో ఆ కాస్త సందు ఉంది కాబట్టి ఆ మాత్రం ఊపిరాడింది. నా వాదన అంతా ఆ సందు గురించే, అది ఇంకొంచెం పెద్దదిగా, పంటని చూసి తెరుచుకునేదిగా ఉండాలని.

కరువూ మేత రేటూ కలిసి చేసిన పని మాత్రం చిన్నది కాదు. టెక్సస్‌లో 2011లోనే గడ్డి మాడిపోయింది. రాంచర్లు దూడల్నే కాదు, తల్లుల్నీ అమ్మేశారు. 2013 ఫిబ్రవరిలో టెక్సస్‌లోని ప్లెయిన్‌వ్యూ అనే ఊళ్లో కార్గిల్ కంపెనీ తన మాంసం ప్లాంటుని మూసేసింది. కోతకి సరిపడా పశువులు లేవంది. రెండు వేల మంది ఉద్యోగాలు పోయాయి. 2014 జనవరి నాటికి అమెరికా పశువుల సంఖ్య 1951 తర్వాత ఎన్నడూ లేనంత కిందికి దిగింది. అదే ఏడాది దూడల రేటు రికార్డులు బద్దలుకొట్టింది. తల్లుల్ని అమ్మేసుకున్నవాడికి ఆ రేటు పేపర్లో చదువుకోవడానికే పనికొచ్చింది. ఆవుల మంద మొక్కజొన్న చేను కాదు, ఈ ఏడాది రేటు చూసి వచ్చే ఏడాది వేసుకోవడానికి. ఈ రోజు పెయ్యని అమ్మకుండా ఉంచుకుంటే దాని దూడ మాంసం ప్లాంటుకి చేరడానికి రెండు మూడేళ్లు పడుతుంది. ఆ మంద సంఖ్య తర్వాత కోలుకుని, 2025 జనవరికి మళ్లీ 8.67 కోట్లకి పడిపోయింది. మళ్లీ 1951 నాటి మాటే. ఈసారి మొక్కజొన్న చవగ్గానే ఉంది. కారణం మళ్లీ కరువులు. కాబట్టి ప్రతి పాపాన్నీ ఇథనాల్ ఖాతాలో రాసేవాళ్ల మాట కూడా సగమే వినాలి.

మరి మొక్కజొన్న రైతు బాగుపడ్డాడా? కొన్నేళ్లు బాగుపడ్డాడు. 2005 పంటకి సగటున బుషెల్‌కి రెండు డాలర్లు వచ్చిన చోట 2012 పంటకి 6.89 వచ్చింది. 2014 పంటకి 3.70కి జారింది. ఈలోగా అయోవాలో ఎకరం సగటు ధర 2005లో 2,916 డాలర్లుంటే 2013లో 8,716 అయింది. అక్కడ సగానికి పైగా భూమి కౌలు మీదే సాగవుతుంది. భూమి ఎక్కడుందో లాభం అక్కడికి పోయింది, కౌలు రూపంలో. రేటు పడ్డాక కౌలు మాత్రం అంత వేగంగా పడలేదు. మన వైపు కౌలు రైతుకి ఇది విడమర్చి చెప్పక్కర్లేదు. మా అన్నయ్య సొంతం రెండెకరాలు, కౌలు ఆరెకరాలు చేస్తాడు. మొక్కజొన్నకి ఒక ఏడాది రేటు పలికితే మరుసటి ఏడాది చేను యజమాని మాట మారుతుంది.

ఇక పిప్పి సంగతి. గింజలో పిండి పదార్థం ఇథనాల్‌గా మారాక ప్రొటీన్, కొవ్వు, పీచు మిగులుతాయి. ఒక బుషెల్ నుంచి 2.8 గ్యాలన్ల ఇథనాల్‌తో పాటు, ఎండు లెక్కన ఏడెనిమిది కిలోల పిప్పి వస్తుంది. దాన్ని ఎండబెడితే డీడీజీఎస్. ఎండబెట్టకుండా తడిగా ఉన్నప్పుడే పశువులకి పెడితే గ్యాసు ఖర్చు కలిసొస్తుంది, పశువుకీ బాగా ఒంటబడుతుంది. కానీ తడి పిప్పి ఎండాకాలంలో కొద్ది రోజులకే బూజు పడుతుంది, లారీలో దూరం పోదు. కాబట్టి ప్లాంటు పక్కనున్న నెబ్రాస్కా ఫీడ్‌లాట్‌కి ఇథనాల్ వరమే. ప్లాంట్లకి దూరంగా ఉన్న టెక్సస్ ఫీడ్‌లాట్‌కి ఆ లాభం అంతగా లేదు. కోళ్లకీ పందులకీ ఈ పిప్పి కొంతవరకే పెట్టగలం. నాలుగు కడుపుల పశువు జీర్ణించుకున్నంత పీచుని అవి జీర్ణించుకోలేవు. ‘పశువుల రైతు’ అని అందర్నీ ఒక గాటన కట్టి మాట్లాడటం ఇందుకే కుదరదు.

ఒమాహాకి పడమర వైపు గంటలోపు దూరంలో మీడ్ అనే చిన్న ఊరుంది. 2007లో అక్కడ ఒక ఇథనాల్ ప్లాంటుని ఫీడ్‌లాట్ పక్కనే కట్టారు. పేడ నుంచి గ్యాసు, గ్యాసుతో ఇథనాల్, పిప్పి తిరిగి పశువులకి. కాగితం మీద అంతకన్నా అందమైన ఏర్పాటు ఉండదు. ఏడాది తిరక్కుండానే దివాలా తీసింది. తర్వాత వేరే కంపెనీ చేతికొచ్చి, మామూలు గింజకి బదులు మందు పట్టించిన పాత విత్తనాలు తెచ్చి ఇథనాల్ చేయడం మొదలుపెట్టింది. విత్తన కంపెనీలు వదిలించుకునే సరుకు కదా, చవక. కానీ పురుగుమందు పిప్పిలోకి వచ్చేసింది. ఆ పిప్పి పశువుకి పనికిరాదు, పొలానికీ పనికిరాదు. గుట్టలు గుట్టలుగా పోశారు. ఆ కంపుకి ఊరివాళ్లు కిటికీలు మూసుకుని బతికారు, దగ్గర్లోని యూనివర్సిటీ తేనెటీగల పెట్టెలు ఖాళీ అయ్యాయి. 2021 ఫిబ్రవరిలో రాష్ట్రం మూయించింది. ‘పిప్పి ఎలాగూ పశువుకే పోతుంది కదా’ అని ఎవరైనా తేలిగ్గా అంటే నాకు మీడ్ గుర్తొస్తుంది.

ఇదంతా అమెరికా గోల అని వదిలేసే రోజులు పోయాయి. మన దేశంలో పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ కలపాలన్న లక్ష్యాన్ని 2030 నుంచి 2025-26కి ముందుకి జరిపారు, అందుకున్నారు కూడా. మొదట ఎక్కువ ఆధారం చెరకు మీదే. 2023 జూలైలో ధరలకి భయపడి, ఇథనాల్ తీసే డిస్టిలరీలకి ఎఫ్‌సీఐ గోదాముల బియ్యం ఇవ్వడం ఆపారు. డిసెంబర్లో పంచదార తగ్గుతుందేమోనని చెరకు రసం మీద ఆంక్షలు పెట్టారు. ఇక మిగిలింది మొక్కజొన్న. 2024 జనవరిలో మొక్కజొన్న ఇథనాల్‌కి ఆయిల్ కంపెనీలిచ్చే రేటుకి లీటరుకి 5.79 రూపాయల ప్రోత్సాహకం కలిపి 71.86 చేశారు. అంతకుముందు ఏడాది మొక్కజొన్న నుంచి వచ్చిన ఇథనాల్ 30 కోట్ల లీటర్ల చిల్లర. ఆ ఏడాది 280 కోట్లు దాటింది. టన్నుకి 380 లీటర్లొస్తుందనుకుంటే డెబ్భై లక్షల టన్నుల పైన గింజ, దేశం పంటలో దాదాపు అయిదో వంతు, ఒక్క ఏడాదిలో కొత్త గిరాకీగా వచ్చి కూర్చుంది. రెండు మూడేళ్ల ముందు దాకా బంగ్లాదేశ్, వియత్నాంలకి మొక్కజొన్న అమ్మిన దేశం 2024లో మయన్మార్ నుంచీ ఉక్రెయిన్ నుంచీ కొనుక్కుంది.

మా అన్నయ్య అప్పుడు హుషారుగా ఉన్నాడు. వరి కోసిన మడిలో దుక్కి దున్నకుండా, కొయ్యకాళ్ల మధ్య కర్రతో బెజ్జం చేసి గింజ వేసే సాగు వాళ్లది. కృష్ణా డెల్టాలో మినుము దెబ్బతింటూ వచ్చాక చాలామంది ఇందులోకి దిగారు. దున్నే ఖర్చు లేదు, కానీ యూరియా, నీళ్లు, మందులు కలిపి చేతి నుంచి బాగానే పోతుంది. క్వింటాకి రెండు వేల మూడు వందలు దాటితేనే కౌలు పోను ఏమైనా చూస్తాం అంటాడు.

బావ లెక్క ఇంకోలా ఉంటుంది. గుడ్లు పెట్టే కోడి రోజుకి 110 గ్రాముల దాణా తింటుంది, అందులో సగం మొక్కజొన్న. ఏడాదికి కోడికి 20 కిలోలు. కిలో మీద నాలుగు రూపాయలు పెరిగితే కోడికి 80 రూపాయలు, గుడ్డుకి పావలా. పావలాయే కదా అనిపిస్తుంది. యాభై వేల కోళ్లున్న ఫారానికి ఏడాదికి 40 లక్షలు. గుడ్డు రేటు ఆయన చేతిలో ఉండదు, బోర్డు మీద రోజూ వేరే వాళ్లు ప్రకటిస్తారు. నూకలు కలిపి చూశాడు, సజ్జలు కలిపి చూశాడు. “డీడీజీఎస్ చవకని ఎక్కువ పడేశానంటే అఫ్లాటాక్సిన్‌తో లివర్లు పోతాయి బామ్మర్దీ, ఏ మూటలో ఏముందో వాసన చూసి చెప్పగలమేంటి” అన్నాడు. ఆ మాట గేదెలవాళ్లకీ వర్తిస్తుంది; బూజు విషం దాణాలోంచి పాలలోకి వస్తుంది. కోళ్ల సంఘాలు అప్పట్లో 50 లక్షల టన్నులు సుంకం లేకుండా దిగుమతి చేసుకోనివ్వమన్నాయి. ప్రభుత్వం అయిదు లక్షల టన్నులకి కాస్త తక్కువగా, 15 శాతం సుంకంతో ఒప్పుకుంది.

ఇంకో మూల సోయా రైతు. డీడీజీఎస్ మార్కెట్లో పోసేకొద్దీ దాణా వ్యాపారులు సోయా చెక్క కొనడం తగ్గించారు. 2024లో సోయా గింజ రేటు మద్దతు ధర 4,892 కన్నా కిందే తిరగడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. ఆదిలాబాద్ రైతు ఏ ఇథనాల్ టెండర్లోనూ లేడు. నెబ్రాస్కా రాంచర్ లాంటి పరిస్థితే.

సరే, మొక్కజొన్న రైతైనా నిలబడ్డాడా? 2020 వానాకాలంలో మొక్కజొన్న వేయొద్దని తెలంగాణ ప్రభుత్వమే చెప్పింది. నాలుగేళ్లకి వేయండి వేయండి అనే కాలం వచ్చింది. వేశారు. 2024-25లో దేశం పంట 430 లక్షల టన్నులు దాటింది. ఈలోగా గోదాముల్లో బియ్యం పేరుకుపోయాయి. ఎఫ్‌సీఐ బియ్యాన్ని మళ్లీ డిస్టిలరీలకి తెరిచి, క్వింటా 2,250 రూపాయలకి, 52 లక్షల టన్నుల దాకా ఇచ్చారు. ఆ బియ్యాన్ని సేకరించి, నిల్వచేసి ఇవ్వడానికి ప్రభుత్వానికయ్యే ఖర్చు క్వింటాకి దాదాపు 4,000. ఇదీ అసలు సబ్సిడీ. బడ్జెట్లో ఇథనాల్ పేరు మీద కనపడదు, ఆహార సబ్సిడీ పద్దులో దాక్కుంటుంది. 2025-26కి ఆయిల్ కంపెనీలు 1,050 కోట్ల లీటర్లు అడిగితే డిస్టిలరీలు 1,776 కోట్ల లీటర్లు ఇస్తామన్నాయి. గేట్లు నిండిపోయాయి. 2025 నవంబర్లో మద్దతు ధర 2,400 ఉండగా కర్ణాటకలో రైతుకి 1,600, 1,800 పలికాయి. రైతులు రోడ్డెక్కారు, ముఖ్యమంత్రి సిద్ధరామయ్య ప్రధానికి ఉత్తరం రాశారు. తెలంగాణలో మార్క్‌ఫెడ్ కొనుగోలు కేంద్రాలు తెరవాల్సి వచ్చింది.

అమెరికా కోటా కదలదు, కాబట్టి కరువు ఏడాది పశువు ఎండుతుంది. మన దగ్గర మొత్తం కోటా కదలదు గానీ, దాన్ని ఏ గింజతో నింపాలో ఢిల్లీ ఏటా మారుస్తుంది. చెరకు మీద చెయ్యి తీస్తే మొక్కజొన్నకి యోగం, బియ్యం మీద చెయ్యి వేస్తే పతనం. రైతుకి గ్యారంటీ లేదు, కోళ్లవాడికి ఉపశమనం లేదు. ఇద్దరూ ఒకరి మీద ఒకరు పడి కొట్టుకుంటుంటారు. మా పండగ భోజనాల దగ్గర కూడా.

విదేశీ మారకం మిగులుతోందన్నది నిజమే, దాన్ని నేను కొట్టిపారేయను. చమురు దిగుమతి తగ్గించుకోవాలి. కానీ 20 శాతాన్ని 18 చేస్తే బండికేమీ కాదు, మైలేజీ గురించి గొణిగేవాళ్లు సంతోషిస్తారు కూడా. కోడికి దాణా పది శాతం తగ్గిస్తే గుడ్లు తగ్గిపోతాయి. తగ్గగలిగినది ఏదో అది ముందు తగ్గాలి. రబీ పంట అంచనా అయిదేళ్ల సగటు కన్నా కిందుంటే ఆ ఏడాది ఇథనాల్లో మొక్కజొన్న వాటా దానంతటదే తగ్గాలి. ఎవరూ ఉత్తరాలు రాయక్కర్లేకుండా, పంట ఇళ్లకి చేరాక కాకుండా. పంట పొంగిన ఏడాది మద్దతు ధరకి తక్కువగా గింజ కొన్న డిస్టిలరీకి ఆ ప్రోత్సాహక రేటు ఇవ్వకూడదు, రేటు మద్దతు ధర దాటేదాకా సబ్సిడీ బియ్యం తలుపు మూసే ఉంచాలి. ప్లాంట్లు పెట్టినవాళ్లు బ్యాంకు అప్పులు చూపిస్తారు. వడ్డీ రాయితీతో కట్టినవే చాలా ఉన్నాయి. నూకలతోనూ, మొక్కజొన్నతోనూ నడిచేలా కట్టినవీ ఉన్నాయి. గింజ మార్చుకోవడం వాళ్లకి చేతనవుతుంది. కోడికి చేతకాదు.

పైగా ఇప్పుడు అమెరికా కూడా గుమ్మంలో నిలబడి ఉంది. 140 కోట్ల జనాభా ఉండి మా మొక్కజొన్న ఒక్క బుషెల్ కూడా కొనరేమని వాళ్ల వాణిజ్య మంత్రి హోవర్డ్ లట్నిక్ 2025 సెప్టెంబర్లో అడిగాడు. 2026 ఫిబ్రవరిలో రెండు దేశాల ఉమ్మడి ప్రకటనలో, సుంకం తగ్గించే సరుకుల్లో డీడీజీఎస్ పేరు చేరింది. అంటే మా ఇంటి దగ్గర ప్లాంటు పిప్పి బావ ఫారం దాణాలోకి వెళ్లే రోజు రావచ్చు. బావకి అది చవగ్గా దొరికితే మంచిదే, పరీక్ష చేసి అమ్మితే. అన్నయ్య మాత్రం ఒకటే అడుగుతున్నాడు: డిసెంబర్లో వరి కోసేలోపు మొక్కజొన్న వాటా ఎంతో చెప్తే కౌలు ఎంతకి మాట్లాడుకోవాలో తేల్చుకుంటాను, చెప్పగలరా అని.